ఉక్కు, నీరు, లెక్క

ఉక్కు లేని యిల్లు నేడు లేదు. వంటయింటి కత్తిపీట, కుట్టుమిషను సూది, పెరటిలోని గొడ్డలి, సైకిలు చక్రపు ఇరుసులో తిరుగు చిన్న గుండ్లు - ఇవన్నియు ఉక్కుతో చేసినవే. ఐనను వీని గుణములు ఒక్కటి కావు. కత్తిపీట అలుగు పదును నిలుపుకొనవలెను. గొడ్డలి పదును నిలుపుకొనుటయే కాక, మొద్దుపై దెబ్బ పడినపుడు పెచ్చు లేవక ఓర్చుకొనవలెను. సైకిలు గుండు వేల మైళ్ళు తిరిగినను అరుగరాదు. ఈ భేదములకు ఉక్కులో కలిసిన పదార్థములు కొంత కారణము. ఆ ఉక్కును కాచి చల్లార్చిన విధానము అంతకంటె పెద్ద కారణము. ఒకే ఉక్కు ముక్కను ఆకురాయికి లొంగునట్లు మెత్తగాను చేయవచ్చును, గాజుపెంకు వలె పెళుసుగాను చేయవచ్చును.

ఊరి కమ్మరి కొలిమి యొద్ద కొంతసేపు నిలిచి చూచినవారికి ఈ రహస్యము సగము తెలిసియే యుండును. తిత్తి ఊదగా బొగ్గులు రాజుకొనును. కొడవలి అలుగు ఎఱ్ఱబారును. కమ్మరి దానిని పట్టకారుతో పైకి తీసి, ఒక్క క్షణము వన్నె చూచి, తొట్టిలోని నీట ముంచును. అంతటితో పని ముగియదు. చల్లారిన అలుగును రుద్ది మెఱుగు తెచ్చి, మరల సెగకు కొంచెము చూపును. దానిపై పసుపు వన్నె ప్రాకి, అది గోధుమవన్నెగా మారునప్పుడు మరల నీట ముంచును. మొదటి ముంపు గట్టిదనము కొరకు. రెండవ కాపు పెళుసుదనము పోవుట కొరకు. నేటి కర్మాగారములలో మొదటి దానిని హార్డెనింగు అనియు, రెండవ దానిని టెంపరింగు అనియు వ్యవహరింతురు.

ఈ పనికి ఇప్పుడు ఒక క్రొత్త తోడు వచ్చినది. ఇంటర్నెట్టు మూలమున లెక్క కట్టి చెప్పు సాధనములు వెలసినవి. ఉక్కులో ఏ పదార్థము నూటికెన్ని వంతులున్నదో, ముక్క ఎంత లావో, దేనిలో ముంచదలచితిమో తెలిపినచో, ఎన్ని డిగ్రీలకు కాచవలెను, పైన ఎంత గట్టిపడును, నడుమ ఎంత గట్టిపడును, తరువాత ఎంత వేడికి టెంపరింగు చేయవలెను అను ప్రశ్నలకు అవి రెప్పపాటులో సమాధానము చెప్పును. విజయవాడ ఆటోనగరు, హైదరాబాదు బాలానగరు వంటి చోట్ల యంత్రభాగములు చేయు చిన్న కర్మశాలలవారికి ఇది మిక్కిలి ఉపకరించు విషయము. ఈ లెక్క ఎక్కడనుండి వచ్చినది? దీనిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలనే ఇక్కడ విచారింతుము.

ముందుగా ఉక్కు లోపల జరుగునదేమో చూతము. ఉక్కనగా ప్రధానముగా ఇనుము, దానితో స్వల్పముగా కర్బనము. ఇనుములోని పరమాణువులు గచ్చునేలపై పరచిన పలకల వలె క్రమము తప్పక వరుసలు తీరియుండును. ఐతే ఆ వరుస వేడినిబట్టి మారును. శుద్ధమైన ఇనుములో 912 డిగ్రీల సెంటీగ్రేడునకు క్రింద, ఘనము యొక్క ఎనిమిది మూలలందును నడిబొడ్డునందును పరమాణువులుండును. అంతకు మించి కాచినచో నడిబొడ్డు ఖాళీయై, ఆరు ముఖముల నడుమను పరమాణువులు చేరును. ఈ రెండవ అమరికలో కర్బనమునకు చోటు దొరకును. 1147 డిగ్రీల యొద్ద నూటికి రెండు వంతులకు పైగా ఇముడును. మొదటి అమరికలో చోటు బహు స్వల్పము. 727 డిగ్రీల యొద్ద సైతము నూటికి 0.02 వంతునకు మించదు.

కాబట్టి ఎఱ్ఱగా కాగిన ఉక్కులో కర్బనము కరగి సుఖముగా నుండును. ఆ ఉక్కును బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చినచో, కర్బనము తీరికగా వేరుపడి, ఇనుముతో కూడి పొరలు పొరలుగా స్థిరపడును. అపుడు ఉక్కు మెత్తనగును. అట్లు గాక హఠాత్తుగా నీట ముంచినచో, సంత చెదరకముందే వాకిళ్ళు మూసివేసినట్లు, కర్బనము బయటపడుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుకొనును. ఇనుపవరుసలు దానిని ఇముడ్చుకొనలేక, విడువలేక, బిగిసి వంకరపోవును. ఆ బిగువే గట్టిదనము. ఈ స్థితికి అడాల్ఫ్ మార్టెన్స్ అను జర్మను శాస్త్రజ్ఞుని పేరు మీదుగా మార్టెన్‌సైట్ అని పేరు వచ్చినది. కొంచెముగా మరల కాచినచో చిక్కిన కర్బనములో కొంత విడివడి బిగువు సడలును. గట్టిదనము కొంత తగ్గును గాని దెబ్బ కోర్చు గుణము పెరుగును. టెంపరింగు ఫలితమిదియే.

ఈ శాస్త్రము తెలియకముందే మనుష్యులు పనిని తెలిసికొనిరి. వరాహమిహిరుని బృహత్సంహితలో ఖడ్గముల ప్రకరణమున కత్తులకు ఏయే ద్రవములు త్రాగించవలెనో చెప్పబడినది. ముంచుటకు అక్కడ వాడిన మాట పానము. మన తెలంగాణములో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము మేలైన మూసయుక్కునకు ప్రసిద్ధి చెందినది. అక్కడి ఉక్కు పారశీక వర్తకుల ద్వారా దూరదేశములకు పోయినది. ఇంగ్లీషువారు ఆ జాతి ఉక్కునకు పెట్టిన వూట్జ్ అను పేరు మన ఉక్కు అను మాటనుండియే పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయము. ఆ ఉక్కులో కర్బనము మిక్కుటము. అలవాటు కొలది తెల్లగా మెఱయునంతవరకు కాచి కొట్టిన ఐరోపా కమ్మరుల సమ్మెట క్రింద అది పగిలిపోయెడిది. తక్కువ వేడిలో ఓపికతో కొట్టవలెనను మర్మము దానిని ఎరిగినవారి కంటిలోను చేతిలోను ఉన్నది, కాగితముపై లేదు.

కంటికి తెలిసిన దానిని కాగితముపైకి తెచ్చుటకు పూనుకొన్నవారిలో రష్యా దేశీయుడైన దిమిత్రీ చెర్నోవ్ ముఖ్యుడు. పీటర్స్‌బర్గు నగరపు ఒబుఖోవ్ కర్మాగారములో చేసిన ఉక్కు ఫిరంగులు కొన్ని పేలునపుడు తామే బ్రద్దలగుచుండెను. కారణమును వెదకుచు ఆయన కాగుచున్న ఉక్కు రంగులను కనిపెట్టి చూచి, ఒక నిర్దిష్టమైన వేడికి చేరనిదే ఉక్కు నీట ముంచినను గట్టిపడదని 1868లో ప్రకటించెను. అంతటి వేడిని సరిగా కొలుచు సాధనము అప్పటికి ఆయన చేతిలో లేదు, కంటినే నమ్ముకొనెను. ఆయన కనుగొన్న ఆ హద్దులనే నేటి లెక్క డిగ్రీలలో చెప్పుచున్నది. ఉదాహరణకు, నూటికి 0.40 వంతు కర్బనము గల సామాన్యమైన ఉక్కునకు పై హద్దు 790 డిగ్రీల దరిదాపులలో నుండును. దానికి ఏబది డిగ్రీలు చేర్చి, 840 మొదలు 850 వరకు కాచుట వాడుక.

కమ్మరి కన్ను పైవన్నెను చూడగలదు. ముక్క లోపలిని చూడజాలదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. కొడవలి అలుగు పలుచన. నీట ముంచినంతనే లోపలవరకు చల్లారును. అరచేతి మందము గల ఇరుసు అట్లు కాదు. పైచర్మము క్షణములో చల్లారినను, నడుమ వేడి బయటకు వచ్చుటకు చాల సేపు పట్టును. ఆ వ్యవధిలో అక్కడి కర్బనము తీరికగా వేరుపడును. అందుచేత పైన గట్టి, నడుమ మెత్తన. పైన ఆకురాయి జారినంత మాత్రమున లోపల కూడ గట్టిపడినదని చెప్పుటకు వీలు లేదు. గట్టిదనము ఎంతలోతుకు పోవునను ప్రశ్నకు సమాధానము కావలెను.

దీనికి 1938లో అమెరికాలో జామినీ, బీగెహోల్డ్ అను ఇద్దరు ఒక తేలికయైన పరీక్షను కనిపెట్టిరి. ఒక అంగుళము లావు, నాలుగంగుళముల పొడవు గల ఉక్కు కడ్డీని కాచి, నిలువుగా వ్రేలాడగట్టి, క్రింది కొనకు మాత్రము నీటిధార తగులునట్లు చేయుదురు. క్రింది కొన వేగముగా చల్లారును. పైకి పోయిన కొలది చల్లారు వేగము తగ్గును. పూర్తిగా చల్లారిన పిదప కడ్డీ ప్రక్కను కొంచెము చదునుగా అరగదీసి, క్రిందినుండి పైకి, అంగుళములో పదునారవ వంతునకు ఒకటి చొప్పున గట్టిదనమును కొలుతురు. ఒక్క కడ్డీలోనే మెరుపు వేగముతో చల్లారిన ఉక్కునుండి మెల్లగా చల్లారిన ఉక్కు వరకు అన్ని స్థితులును వరుసగా దొరకును. ఈ పరీక్ష నేటికిని లోకమంతట వాడుకలో నున్నది.

ప్రతి ఉక్కునకును పరీక్ష చేయుట శ్రమ. పదార్థముల పాళ్ళు తెలిసినచో పరీక్ష లేకయే చెప్పవచ్చునా? 1942లో గ్రాస్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దానికి మార్గము చూపెను. ముంచినంతనే పైచర్మము క్షణములో ముంచిన ద్రవమంత చల్లబడునని ఊహించుకొందము. అట్టి ఆదర్శమైన చల్లార్పులో, ఎంత లావు కడ్డీకి సరిగా నడిబొడ్డున సగము మార్టెన్‌సైట్ ఏర్పడునో, ఆ లావే ఆ ఉక్కు యొక్క శక్తికి కొలత. ఈ కొలతను కట్టుటకు ముందు కర్బనమునుబట్టి ఒక అంకెను తీసికొందురు. తరువాత మాంగనీసు, సిలికాను, క్రోమియము, మాలిబ్డినము - ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంకెతో గుణింతురు. ఇక్కడ గమనింపవలసినది కూడికలు కావు, గుణకారములు.

ఒక లెక్కను చేసి చూతము. మన కర్మశాలలలో ఈఎన్ 8 అని పిలుచు సామాన్యపు ఉక్కును తీసికొందము. కర్బనము నూటికి 0.40, మాంగనీసు 0.70, సిలికాను 0.25 అనుకొందము. నేడు వాడుకలోనున్న పట్టిక ప్రకారము, ఉక్కు రేణువులు సన్ననివైనచో, కర్బనమునకు వచ్చు అంకె 5.4 మిల్లీమీటర్లు. మాంగనీసునకు 3.33 చేతను, సిలికానుకు 1.175 చేతను గుణించినచో సుమారు 21 మిల్లీమీటర్లు వచ్చును. ఇపుడు ఆ ఉక్కుకే నూటికి ఒక వంతు క్రోమియమును, పావువంతు మాలిబ్డినమును చేర్చితిమనుకొందము. ఇది ఈఎన్ 19 అను ఉక్కునకు సరిపోవును. క్రోమియమునకు 3.16 చేతను, మాలిబ్డినమునకు 1.75 చేతను గుణింపగా 21 కాస్త 118 మిల్లీమీటర్లగును! చేర్చినది నూటికి ఒకటింబావు వంతు. లోతునకు గట్టిపడు శక్తి ఐదున్నర రెట్లు.

ఇందులో ఒక విశేషమున్నది. సంపూర్ణముగా మార్టెన్‌సైట్‌గా మారినపుడు ఈ రెండు ఉక్కుల గట్టిదనము దాదాపు ఒక్కటియే. వజ్రపు మొనను అదిమి కొలుచు రాక్‌వెల్ సి కొలతలో అది 56 దరిదాపులలో నుండును. అత్యధికమైన గట్టిదనము ఎంత అనునది కర్బనమే నిర్ణయించును. అది ఎంతలోతుకు పోవును అనునది తక్కిన పదార్థములు నిర్ణయించును. సన్నని కడ్డీలైనచో నీట ముంచిన పిమ్మట రెండింటికిని భేదము కనబడదు. లావైన ఇరుసులలోనే గుట్టు బయటపడును.

ముంచు ద్రవము సంగతియు లెక్కలోనికి రావలెను. నిశ్చలమైన నీటి శక్తిని ఒకటిగా భావించినచో, నిశ్చలమైన నూనెది నాలుగవ వంతు, లేక కొంచెము పైన. వేగముగా కలియబెట్టు ఉప్పునీరు ఐదు వరకు పోవును. నూనెలో ముంచినచో మనము పైన కట్టిన 118 మిల్లీమీటర్లు దాదాపు సగమునకు దిగును. ఈఎన్ 8 యొక్క 21 మిల్లీమీటర్లు కొద్ది మిల్లీమీటర్లకే పడిపోవును. అట్లైన అన్నిటిని ఉప్పునీటనే ముంచరాదా అని అడుగవచ్చును. అందు ప్రమాదమున్నది. మార్టెన్‌సైట్‌గా మారునపుడు ఉక్కు ఉబ్బును. పైచర్మము ముందుగా మారి బిగిసిపోవును. నడుమభాగము తరువాత మారి ఉబ్బుచు పైచర్మమును చీల్చజూచును. ఈ మార్పు ఎన్ని డిగ్రీల యొద్ద మొదలగునో కట్టుటకు 1965లో ఆండ్రూస్ అను శాస్త్రజ్ఞుడు ఒక సూత్రము నిచ్చెను: 539 నుండి కర్బనమునకు 423 రెట్లు, మాంగనీసునకు 30.4 రెట్లు, ఇట్లు ఒక్కొక్కటి తీసివేయుచు పోవలెను. మన ఈఎన్ 19 ఉక్కునకు 335 డిగ్రీలు వచ్చును. కర్బనము పెరిగిన కొలది ఈ అంకె తగ్గును. చల్లగా బిగిసిన తరువాత ఉబ్బు జరుగును గనుక పగులు భయము పెరుగును. లావుగాను, మలుపులు మూలలు గలిగియు ఉన్న ముక్కకు నీటికంటె నూనె క్షేమమని చెప్పుట ఇందువలననే.

ఇక టెంపరింగు. మెఱుగు పెట్టిన ఉక్కుపై 220, 230 డిగ్రీల యొద్ద ఎండుగడ్డి పసుపు, 255 యొద్ద గోధుమవన్నె, 275 యొద్ద వంగపండు వన్నె, 300 యొద్ద నీలము కనబడును. ఇది పైన ఏర్పడు పలుచని తుప్పుపొరలో వెలుగు ఆడు ఆట. దీనినుండి గృహిణులకు ఉపయోగించు మాట యొకటి చెప్పుదుము. కత్తులు సానబట్టువాడు పొడిచక్రముపై అదిమిపట్టినపుడు అంచు నీలముగా మారినచో, ఆ అంచు తన గట్టిదనములో కొంత కోల్పోయినదని గ్రహింపవలెను. మాటిమాటికి నీట తడపుచు సానబట్టుమని కోరుట మంచిది.

వేడియే కాక, వేడిలో నుంచు కాలమును లెక్కకు వచ్చును. 1945లో హాలోమన్, జాఫ్ అనువారు ఈ రెండింటిని ఒక్క అంకెలో కూర్చిరి. దాని ప్రకారము 600 డిగ్రీల యొద్ద ఒక గంట ఉంచుటకు బదులు రెండు గంటలు ఉంచినచో, దాని ఫలితము 613 డిగ్రీల యొద్ద ఒక గంట ఉంచినదానితో సమానము. పది గంటలు ఉంచినను 644 డిగ్రీల యొద్ద ఒక గంటతో సమానము. అనగా గడియారములో పొరపాటుకంటె వేడిలో పొరపాటు చాల ప్రమాదకరము. కొలిమి కొలతను సరిచూచుకొనక, మరికొంతసేపు ఉంచినచో సరిపోవునని భావించువారు ఈ అంకెలను గుర్తుంచుకొనదగును.

పూర్వము ఈ లెక్కలన్నియు పట్టికలు ముందు పెట్టుకొని, స్లైడురూలు జరపుచు ఇంజనీర్లు కట్టుకొనెడివారు. ఇపుడు అవియే సూత్రములను కంప్యూటరు త్రిప్పుచున్నది. అడిగినవాని యెదుట అంకెలు నిలుచును. పైనుండి నడుమ వరకు గట్టిదనము ఎట్లు తగ్గునో గీత గీసి చూపును. ఇందు ఇంద్రజాలమేమియు లేదు. ఎందరో శాస్త్రజ్ఞులు వేల ముక్కలను కాచి, ముంచి, కొలిచిన అనుభవము సూత్రముగా మారినది. కమ్మరి తన తండ్రి యొద్ద నేర్చినట్లే ఈ యంత్రము వారి యొద్ద నేర్చినదని చెప్పవచ్చును.

ఇక నమ్మకము సంగతి. కొన్ని సంవత్సరములకు పూర్వము మాకు పరిచితమైన ఒక చిన్న కర్మశాలలో చెరకు గానుగకు ఇరుసు చేయవలసి వచ్చినది. లావు 60 మిల్లీమీటర్లు. ఈఎన్ 19 ఉక్కని చెప్పగా కడ్డీ కొని తెచ్చి, తరణి పట్టించి, నూనెలో ముంచిరి. అక్కడి యువ ఇంజనీరు ముందుగానే లెక్క వేసికొని, టెంపరింగునకు ముందు ఇరుసు పైభాగమున రాక్‌వెల్ 50 దరిదాపు రావలెనని వ్రాసికొనియుండెను. కొలువగా 26 వచ్చినది. ఆయన లెక్కను శంకించెను. కొలిమిని శంకించెను. అక్కడ ముప్పది ఏండ్లుగా పనిచేయుచున్న వృద్ధ కార్మికుడు ఒక ముక్కను ఆకురాయితో రాచి, సానచక్రముపై పెట్టి నిప్పురవ్వలను చూచి, "బాబుగారూ, లెక్క సంగతి నాకు తెలియదండీ. ఈ ఉక్కు మాత్రం మీరు చెప్పినది కాదు" అనెను. "కాగితంలో ఈఎన్ 19 అనే ఉన్నది కదా, పెద్దయ్యా!" అని ఇంజనీరు అనగా, "కాగితంలో ఉన్నది కాగితంలో ఉంది బాబూ. రవ్వలో లేదు" అని ఆయన జవాబు.

ఇంజనీరు మరల లెక్కకు కూర్చుండెను. ఈసారి క్రోమియమును, మాలిబ్డినమును సున్నగా వ్రాసి చూచెను. సమాధానము 25 దరిదాపుగా వచ్చినది. కొలిచినదానితో సరిపోయినది! ముక్కను పరీక్షశాలకు పంపగా, అందు క్రోమియము పేరునకు మాత్రమే యున్నదని తేలినది. అమ్మినచోట రెండు రకముల కడ్డీలు కలిసిపోయినవి. ఇరుసును ప్రక్కన పడవేసి సరియైన ఉక్కుతో మరియొకటి చేసిరి. మొదటి ఇరుసే గానుగకు పోయి ఒకనాడు తిరుగుచుండగా విరిగినచో, చెరకు పెట్టుచున్న మనిషి చేయి ఏమగునో ఊహించుట కష్టము కాదు.

ఈ కథలో లెక్క తప్పలేదు. రెండుసార్లును తనకు చెప్పిన ఉక్కు గురించి సత్యమునే చెప్పినది. మొదటిసారి మనమే దానికి అసత్యము చెప్పితిమి. మరి లెక్క వృథా అయినదా? కాలేదు. ముందుగా 50 అను అంకె వ్రాసియుండనిచో, 26 వచ్చినపుడు తప్పు జరిగినదని ఎవరికిని తోచియుండెడిది కాదు. టెంపరింగు చేసిన పిదప గట్టిదనము ఎట్లును తగ్గును గనుక, ఆ తరువాత మాత్రమే కొలిచియున్నచో గుట్టు ఇంత స్పష్టముగా బయటపడియుండదు. ముంచిన వెంటనే కొలుచుట, దానిని ముందుగా వ్రాసికొన్న అంకెతో పోల్చుట - ఈ రెండును ఆ ఇరుసును పట్టియిచ్చినవి. లెక్క ఫలితము మాత్రమే కాదు, అది సాక్షి. సాక్షికిని కొలతకును పొత్తు కుదరనపుడు ఒకదానిని కొట్టివేయుట గాక, ఎందుకు కుదరలేదో వెదకవలెను.

లెక్కకు తెలియని విషయములు ఇంకను కలవు. కొలిమిలో గాలి సోకి ఉక్కు పైపొరలోని కర్బనము కొంత మండిపోయినచో లెక్కకు తెలియదు. ఉదయమునుండి ముక్కలు ముంచి ముంచి నూనెతొట్టి కాగిపోయినచో తెలియదు. ఇరుసుపై గాడి పదునైన మూలతో కోయబడి అక్కడ పగులు పొంచియున్నదని తెలియదు. హద్దునకు మించి కాచుటచే రేణువులు బలిసి ఉక్కు పెళుసైనదని, మనము చెప్పనిదే తెలియదు. సూత్రములకును ఎల్లలున్నవి, ఒక జాతి ఉక్కులపై పరీక్షించి కట్టిన సూత్రమును, పదార్థములు అధికముగా కలిసిన స్టెయిన్‌లెస్ ఉక్కులకు వాడినచో వచ్చు అంకె అందముగానే యుండును గాని అర్థముండదు. యంత్రము ఎపుడును తడబడినట్లు కనబడదు. ఒప్పు చెప్పినను తప్పు చెప్పినను ఒకే ధైర్యముతో చెప్పును.

కాబట్టి ఈ సాధనమును వాడువారు మూడు నియమములను పాటించుట శ్రేయస్కరము. మొదటిది, ఉక్కు కొనునపుడు పదార్థముల పాళ్ళు తెలుపు పరీక్షపత్రమును అడుగవలెను. ప్రాణముతో కూడిన పనియైనచో ముక్కను పరీక్షశాలకు పంపవలెను. రెండవది, ముంచకముందే లెక్కవేసి, రావలసిన అంకెను కాగితముపై వ్రాసియుంచవలెను. వచ్చిన తరువాత వ్రాసిన అంకెకు సాక్ష్యపు విలువ లేదు. మూడవది, అదే కడ్డీనుండి కోసిన చిన్న ముక్కను అసలు వస్తువుతోపాటు కాచి, ముంచి, విరిచి లోపలి రేణువులను చూడవలెను. ఈ మూడవ నియమము క్రొత్తది కాదు. తన పనిపై అభిమానము గల కమ్మరి ఎవ్వడును దీనిని ఎరుగకపోలేదు.

కమ్మరి కన్ను పైవన్నెను చూచినది. లెక్క లోపలికి చూపు నిచ్చినది. ఒకటి వచ్చినంత మాత్రమున రెండవది పోనక్కరలేదు. మన పొలములలో తిరుగు యంత్రములకును, మన పిల్లలను బడికి చేర్చు బస్సులకును ఇరుసులు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఎఱ్ఱగా కాచి నూనెలో ముంచినవే. ఆ చేయి లెక్కను తెలిసినదై, ఆ లెక్క చేతిని గౌరవించినదై యున్నచో, ఆ ఇరుసును నమ్మి మనము ప్రయాణము చేయవచ్చును.